రావద్దని పిలిచిన ఆదివారం

ఆగస్టు 2, 2020

తమ్ముడి రిసెప్షన్‌కి బొట్టుపెట్టి పిలవాల్సిన వాళ్లలో చాలామందికి ఇవాళ ఫోన్లు చేసి, దయచేసి రావద్దని చెప్పాను. పొద్దున టిఫిన్ అయినప్పటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. గొంతు రాసుకుపోయింది. మనసు మాత్రం పొద్దున ఉన్నంత బరువుగా లేదు. అందుకే పడుకునే ముందు రాసిపెట్టుకుంటున్నాను.

అసలు ఈ పెళ్లి వైశాఖంలో అయిపోవాలి. ఫిబ్రవరిలోనే ఛత్తా బజార్‌కి వెళ్లి కార్డులు అచ్చు వేయించాం. ఉప్పల్ వైపు ఒక ఏసీ హాలు, ఏడొందల మందికి భోజనాలు, అన్నీ మాట్లాడేశాం. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి కరోనా లాక్‌డౌన్. కార్డుల కట్టలు ఇప్పటికీ బీరువా మీదే ఉన్నాయి. జ్యేష్ఠంలో కుదరలేదు. తర్వాత ఆషాఢం. ఈ శ్రావణం కూడా దాటితే భాద్రపదం, ఆ పైన ఈసారి అధిక ఆశ్వయుజం. మళ్లీ ముహూర్తాల మాట ఎత్తాలంటే కార్తీకమే. అప్పటికి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? అమ్మాయి వాళ్ల నాన్నగారే ఫోన్ చేసి, "పిల్లలిద్దరినీ ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడమంటాం అన్నగారూ, హన్మకొండలో మా ఇంట్లోనే కానిచ్చేద్దాం" అన్నారు. బహుళ పక్షంలో పెళ్లి. మూడో రోజు ఇక్కడ, అంబర్‌పేటలో మా డాబా మీద రిసెప్షన్.

యాభై మంది. కేంద్రం ఇచ్చిన నిబంధన పెళ్లి అతిథులు యాభైకి మించకూడదని. మా స్టేషన్‌లో కాగితం రాసిచ్చినప్పుడు ఎస్సైగారు నిదానంగానే చెప్పారు, వడ్డించేవాళ్లనీ ఫొటోలవాళ్లనీ కూడా కలిపే లెక్క వేసుకోండమ్మా, మీకే మంచిది అని. ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. వడ్డించేవాడికి వచ్చే జబ్బు జబ్బు కాదా? హన్మకొండ నుంచి వచ్చే ఆడపెళ్లివారు పదిహేను మంది, వంటమేస్త్రి, ఆయన మనుషులు, ఫొటో, వీడియో కలిపి ఎనిమిది. మా ఇంట్లో వాళ్లం, బాబాయ్ వాళ్లు, మేనమామ వాళ్లు. ఆపైన ఎంత గీకి చూసినా పట్టుమని పది పేర్లకు చోటు లేదు.

పొద్దున బాబాయ్ వచ్చి ఒక ఉపాయం చెప్పారు. "అన్నయ్యా, యాభై యాభైగా పిలుద్దాం. పదకొండింటికి ఒక యాభై, రెండింటికి ఒక యాభై, సాయంత్రం ఒక యాభై. రూల్ రూల్‌లా ఉంటుంది, చుట్టాలూ వచ్చినట్టుంటుంది." నాన్న ముఖం ఒక్కసారి వెలిగింది. అమ్మ కూడా సరేనన్నట్టే చూసింది. నాకే ఒప్పుకోబుద్ధి కాలేదు. వచ్చేవాళ్లు మారతారు నిజమే, కానీ తమ్ముడూ ఆ అమ్మాయీ మారరు కదా. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ ఇద్దరూ అందరి ముందూ నిలబడాలి. మొదటి బంతిలో ఒకరికి ఉంటే వీళ్లకు అంటుతుంది, వీళ్ల నుంచి చివరి బంతి వాళ్లకు. వంటవాళ్లు అందరికీ వడ్డించాలి. ఒకేసారి నూట యాభై మందిని కూర్చోబెట్టడానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? ఇదే మాట బాబాయ్‌తో అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "పిల్లను స్టేజీ మీద రోజంతా మాస్కుతో నిలబెట్టడం కూడా బాగుండదులే" అన్నారు. బాబాయ్‌లో నాకు నచ్చేది అదే, తన మాటే నెగ్గాలని పట్టుపట్టరు.

హాలు మాట కూడా అప్పుడే తేలిపోయింది. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట, తర్వాత ఎప్పుడు ఫంక్షన్ చేసుకున్నా సర్దుతామన్నారు. నాన్నకు బాధగా ఉంది, పెద్ద మొత్తమే. అయినా తలుపులన్నీ మూసేసి ఏసీ వేసిన హాల్లో, తినడానికి మాస్కులు తీసి, పక్కపక్కన కూర్చోబెట్టడం కంటే డాబానే నయం. శ్రావణం కాబట్టి వానకు తడవని షామియానా పైన మాత్రం కట్టించి, నాలుగు పక్కలా తెరిచి ఉంచుతాం. బఫే పెట్టం. ఒకే గరిటె నలభై చేతులు మారుతుంది, ఆ క్యూలో అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో టేబుల్ వేసి వడ్డిస్తాం.

ఇక ఫోన్లు. మొన్నటి దాకా మా అందరి ఆలోచనా ఒకటే, వాట్సాప్‌లో ఒక కార్డు పంపేద్దాం, "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా మీ ఆశీస్సులు ఇంటి నుంచే అందించగలరు" అని. ఈ నాలుగు నెలల్లో అలాంటి కార్డులు మాకూ చాలా వచ్చాయి. చదివిన ప్రతిసారీ మా అమ్మ అడిగే ప్రశ్న ఒకటే. "అంటే మనల్ని పిలిచినట్టా, పిలవనట్టా?" రమ్మంటే ఎలా వెళ్లాలా అని భయం, వద్దంటే మనం వాళ్లకు అంత కానివాళ్లమా అని బాధ. పెద్దవాళ్లను ఆ సందిగ్ధంలో పడేయడం నాకు ఇష్టం లేదు. అరవై అయిదు దాటిన వాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు ఇంట్లోనే ఉండాలని ప్రభుత్వం చెబుతూనే ఉంది. మా లిస్టులో సగం మంది ఆ లెక్కలోకే వస్తారు. "మీ వీలు చూసుకుని రండి" అంటే భారం వాళ్ల మీదకి నెట్టడమే. రావద్దని మనమే, మన నోటితో, పేరు పెట్టి పిలిచి చెప్పాలి. ఇంటి ఆడపడుచుని కాబట్టి ఆ పని నేను తీసుకున్నాను.

మొదటి ఫోన్ నందిగామ పెద్దమ్మకి. అమ్మకు పెద్దక్క. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకు ఒంట్లో బాగా లేకపోతే మూడు నెలలు మా ఇంట్లోనే ఉండి వాడికి లాల పోసింది ఆవిడే. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పెళ్లి కోసం అని కొనుక్కున్న మామిడిపిందెల అంచు పట్టుచీర ఉగాదికి కూడా కట్టలేదని వాళ్లబ్బాయి, మా అన్నయ్య, ఒకసారి చెప్పాడు. హైదరాబాద్‌కి ఆర్టీసీ బస్సులు బార్డర్ దాటడం లేదు. కారు మాట్లాడుకుని వచ్చినా తిరిగి వెళ్లేటప్పుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పాస్ చూపించాలి. ఇవన్నీ చెబుదామని వరసగా మనసులో పేర్చుకున్నాను. ఫోన్ ఎత్తగానే "ఏమ్మా, బాగున్నారా అందరూ? కొత్త పెళ్లికొడుకు ఏం చేస్తున్నాడు?" అంది. పేర్చుకున్నదంతా పోయింది.

"పెద్దమ్మా, నువ్వు రావద్దు. నువ్వొస్తే మాకు ఆనందం కంటే భయం ఎక్కువ. వాడి పెళ్లి చూసి నువ్వు జబ్బున పడితే మేం తట్టుకోలేం."

కాసేపు అటు నుంచి మాట లేదు. ఫ్యాన్ చప్పుడు ఒకటే వినిపిస్తోంది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం.

"అమ్మయ్య. ఆ మాట మీలో ఎవరైనా అంటారేమోనని వారం నుంచి చూస్తున్నానే తల్లీ. రాలేనని నేనే అంటే చెల్లెలు ఏమనుకుంటుందో, మరిదిగారు ఏమనుకుంటారో. మీ అన్నయ్య వద్దంటున్నాడు, నాకేమో నోరు రావట్లేదు."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఇక్కడ మేం రావద్దని ఎలా చెప్పాలా అని నలిగిపోతుంటే, అక్కడ ఆవిడ రాలేనని ఎలా చెప్పాలా అని నలిగిపోతోంది. ఇద్దరమూ ఎదుటివాళ్ల మనసు నొప్పిస్తామేమోనన్న భయంతోనే నోరు మూసుకుని కూర్చున్నాం. ఇంకో వారం అలాగే ఉండి ఉంటే, మొహమాటానికి బయల్దేరి వచ్చేసేది కూడా.

ఆ ఫోన్ తర్వాత ధైర్యం వచ్చింది. మల్కాజిగిరి పిన్ని, రామంతపూర్ మామయ్య, కొత్తపేటలో నాన్న చిన్నప్పటి మాస్టారు, అందరికీ అదే మాట, ముందూ వెనకా ఏమీ తగిలించకుండా. మాస్టారు "ఆరోగ్యం జాగ్రత్త, మీ నాన్నని ఊరికే బయట తిరగొద్దను" అని నాకే జాగ్రత్తలు చెప్పారు. సైదాబాద్ అక్క ఏడో నెల గర్భిణి. వాళ్ల అత్తగారు మాట్లాడి, మీరు ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే ఇది వస్తానని గొడవ చేసేది అన్నారు.

అన్నీ అలా జరగలేదు. నాన్నతో పాటు ఇరవై ఏళ్లు పనిచేసిన ఒక అంకుల్, "అంటే మమ్మల్ని లిస్టులోంచి తీసేశారన్నమాట" అని ఫోన్ పెట్టేశారు. నాన్న పక్కనే ఉన్నారు, విన్నారు. ఏమీ అనలేదు. నా చదువు ఫీజుకు ఒకప్పుడు సాయం చేసిన మనిషి ఆయన. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అక్షింతల సంగతి చెప్పింది అల్వాల్ మేనత్త. రాననడానికి ఆవిడ వెంటనే ఒప్పుకుంది, కానీ "నా మేనల్లుడి తల మీద నా చేతి అక్షింతలు పడకపోతే ఎలాగే?" అంది. అమ్మది కూడా అదే బెంగ. నిన్నంతా నాతో అంటూనే ఉంది, భోజనాలు లేకపోయినా పర్వాలేదు, పెద్దల అక్షింతలు లేని పెళ్లేమిటని. మేనత్తే దారి చూపింది. ఎలాగూ ఇళ్లకు భోజనాలు పంపాలనుకుంటున్నాం కదా, ఆ కారులోనే తను కలిపిన అక్షింతలు పొట్లం కట్టి పంపుతానంది. వినగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఎందుకా అని చూస్తే పెద్ద వెండి పళ్లెం తీసి చింతపండుతో తోముతోంది. అందరి పొట్లాలూ ఆ పళ్లెంలో విప్పి కలిపి, ఒక్కొక్కరి పేరూ చెబుతూ ఇద్దరి తలల మీదా వేస్తుందట. ఎవరి పేరూ మరిచిపోకుండా రాసివ్వమని నాకు చెప్పింది. ఇవాళ అమ్మ నవ్వింది అప్పుడే.

భోజనాలు పంపాలన్నది తమ్ముడి కోరిక. వంటమేస్త్రి సాయంత్రం వచ్చాడు, బాగ్ అంబర్‌పేటలోనే ఉంటాడు. ఉగాది తర్వాత ఒక్క పెద్ద ఆర్డరూ లేదట. గిన్నెలు తోమి బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయని చెబుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఏడొందల మందికి మాట్లాడుకున్న మనిషితో యాభై మందికి చెయ్యి అనడానికి నాన్నకు మనసొప్పలేదు. ఇళ్లకు పంపేవి కూడా కలిపితే రెండొందల పైనే అవుతాయి. బయల్దేరిన భోజనం ఇంటికి చేరి, వాళ్లు తినేసరికి రెండు మూడు గంటలు పట్టచ్చు. అందుకని ఏవి నిలుస్తాయో మేస్త్రే చెప్పాడు. పులిహోర బాగుంటుంది, పెరుగన్నం పులిసిపోతుంది కాబట్టి వద్దు. సాంబారు ఒలుకుతుంది, వద్దు. బగారా అన్నం, గుత్తివంకాయ దగ్గరగా వండితే పాడవదు. డబల్ కా మీఠా గట్టిగా చేస్తానన్నాడు. శ్రావణం కాబట్టి మటన్ ఊసు లేదు. మామయ్య కొడుకులకు అదొక్కటే చిన్నబోయే విషయం. డబ్బా అందగానే భోజనం సొంత గిన్నెల్లోకి మార్చుకుని, వేడి చేసుకుని, చేతులు కడుక్కోమని చీటీ పెడతాం. మనవాళ్లే పంపినా ఈ రోజుల్లో బయటి నుంచి వచ్చిన డబ్బా అంటే భయపడతారు, అందులో తప్పేం లేదు.

సిటీ బస్సులు, మెట్రో ఇంకా మొదలు కాలేదు కాబట్టి పంపడానికి మా కారు, బాబాయ్ కారు, తమ్ముడి స్నేహితుల బండ్లే దిక్కు. అల్వాల్, మల్కాజిగిరి ఒక దారి, ఉప్పల్, రామంతపూర్ ఒక దారి, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సైదాబాద్ ఇంకో దారి. కూకట్‌పల్లి వాళ్లది దూరం, అది ఎవరికి అప్పజెప్పాలో తేలలేదు.

రేపు రాఖీ పౌర్ణమి. వాడికి కట్టేసి, ఇద్దరం గుడిమల్కాపూర్ వెళ్లి పూల దండలు మాట్లాడాలి. మిగిలిన ఫోన్లు మధ్యాహ్నం చేస్తాను, కరీంనగర్ వైపు వాళ్లే ఎక్కువ. పెద్దమ్మకు వీడియో కాల్ ఎలా ఎత్తాలో నేర్పమని అన్నయ్య కూతురికి చెప్పాను, ఆ రోజు పట్టుచీర కట్టుకునే కూర్చోవాలని కూడా. ఆ అంకుల్ ఇంటికి సాయంత్రం తనే వెళ్తానన్నారు నాన్న. లోపలికి వెళ్లరట. గేటు దగ్గరే నిలబడి మాట్లాడి వస్తారట. కార్డు ఒకటి తీసుకెళ్తానంటే, బీరువా మీద కట్టలోంచి తీసి పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి ఇచ్చాను.