అలారం మోగిన ప్రతిసారీ పోలీసులు పరుగెత్తాలా?

మొన్న అమ్మ గుంటూరు నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చిన మూడో రోజు, తెల్లవారుజామున అయిదున్నరకి తులసికి నీళ్లు పోద్దామని చెంబు పట్టుకుని వెనక తలుపు తీసింది. అంతే, దొంగల కోసం పెట్టిన అలారం మోగి ఇల్లంతా సైరన్. నేను మేడ దిగి, కోడ్ నొక్కి దాన్ని ఆపే కీప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే బిగుసుకుపోయి ఉంది, చెంబులో నీళ్లు సగం చీర మీదే ఒలికిపోయాయి. మోగింది తెలిసి అలారం కంపెనీవాళ్లు ఫోన్ చేశారట, కానీ వాళ్ల దగ్గరున్నది నా పాత నంబరు, మార్పించాల్సింది నేనే. ఎవరూ ఎత్తకపోయేసరికి పోలీసులకు చెప్పేశారు. కాసేపటికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, అమ్మతో మర్యాదగా మాట్లాడి, ఇంటి చుట్టూ టార్చి వేసి చూసి వెళ్లారు. ఆ సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు ఇంకెక్కడ ఎదురుచూస్తున్నారో అని నాకు రోజంతా అదే బాధ.

మేముండేది డాలస్ పక్క ఊళ్లో. ఇక్కడ చాలా ఊళ్లలో అలారానికి సిటీ పర్మిట్ ఉండాలి. టెక్సస్ చట్టం ప్రకారం ఏడాదిలో మొదటి మూడు ఫాల్స్ అలారాలకు (అంటే దొంగ లేకుండానే ఉత్తినే మోగినవాటికి) జరిమానా వెయ్యకూడదు, ఆ తర్వాత ఒక్కోదానికి 50 డాలర్ల దాకా, మరీ ఎక్కువైతే 100 దాకా వెయ్యొచ్చు. ఇది సిటీ డబ్బులు గుంజుకునే దారని మనవాళ్లలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అమెరికా న్యాయశాఖ 2000ల మొదట్లో పోలీసుల కోసం వేసిన గైడు ప్రకారం అలారం కాల్స్‌లో 94 నుంచి 98 శాతం ఉత్తవే. గాలికి ఊగే కర్టెన్, పుట్టినరోజు బెలూన్, కుక్క, అయిపోవచ్చిన బ్యాటరీ, కోడ్ తెలియని చుట్టాలు, అన్నిటికీ మోగుతుంది మరి.

నన్నడిగితే జరిమానా ఒక్కటే చాలదు, ముందు నిజమో కాదో తేల్చుకోవాలి. సాల్ట్ లేక్ సిటీ 2000 చివర్లో ఆ పనే చేసింది: అలారం మోగితే ముందు ప్రైవేటు గార్డు వెళ్లి చూడాలి, దొంగతనం ఆనవాళ్లు కనిపిస్తేనే పోలీసులు వస్తారు. తొలి ఏడాదిలోనే అలారం కాల్స్ దాదాపు 90 శాతం తగ్గిపోయాయి. సియాటిల్‌లో కూడా 2024 అక్టోబరు నుంచి వీడియో, ఆడియో, ఆపదలో మనిషే నొక్కే ప్యానిక్ బటన్ లేదా కళ్లారా చూసిన మనిషి, వీటిలో ఏదో ఒకటి ఉంటేనే పోలీసులను పంపుతున్నారు. అంతకుముందు ఏడాది అక్కడ దాదాపు 13,000 అలారం కాల్స్ వస్తే, నేరం జరిగినట్టు తేలినవి 4 శాతం కూడా లేవు.

నిజంగా దొంగ పడితే ఆలస్యం అవుతుంది కదా అని మా ఆవిడ భయం. ఆ భయాన్ని తీసిపారేయలేను, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో మరీను. అందుకే ప్యానిక్ బటన్‌కి ఇలాంటి అడ్డు ఏదీ పెట్టకూడదు, అది నొక్కితే వెంటనే రావాల్సిందే. మిగతా వాటికి మాత్రం కనీసం రెండు నంబర్లకు ఫోన్ చేశాకే పోలీసులను పిలవాలని ప్రతి ఊళ్లోనూ రూలు ఉండాలి. మా ఇంట్లో ఆ రెండో నంబరు ఉండుంటే ఆ పొద్దున ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఆ రోజే పాత నంబరు తీయించి మా ఇద్దరివీ ఇచ్చాను. అమ్మకి కోడ్ నేర్పాను. ఇప్పుడు చెంబు కింద పెట్టి, నాలుగంకెలూ నొక్కి, పచ్చలైటు వెలిగాకే గడియ తీస్తోంది.