రాజోలు నుంచి బర్మింగ్‌హామ్‌కి, ఆటిజం ఉన్న మావాడితో

మా ఆడపడుచు వాళ్లు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. ఎన్నాళ్ల నుంచో రమ్మంటోంది. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఇంట్లో వచ్చే మొదటి మాట "మరి పిల్లాడో?" అని. మావాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, గట్టి శబ్దాలు పడవు, తినేవి నాలుగైదు రకాలే. వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి వెళ్లమన్నవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోలేదు. బ్రిటన్ విజిటర్ వీసా మీద ఆరు నెలల దాకా ఉండొచ్చు. వారం పది రోజులైతే వాడు కొత్త చోటుకి అలవాటుపడేలోపే తిరిగి రావాలి, అందుకే వెళ్తే నాలుగు నెలలైనా ఉండేలా వెళ్దామన్నాను. మావారు కొబ్బరి వ్యాపారం మా మరిదికి అప్పజెప్పారు.

చుట్టాలు చెప్పిన సలహా ఒకటే. "ఎక్కడా ఆటిజం అని రాయకు అమ్మాయ్, వీసా ఇవ్వరు." మా వైపు ఇది మామూలే. పిల్లాడికి మాటలు ఆలస్యం అంటారు గానీ పేరు పెట్టి చెప్పరు. ఫారం నింపుతుంటే పిల్లాడికి వైకల్యం ఉందా అన్న ప్రశ్నే నాకు కనపడలేదు. ఆ ఫారంలో చెప్పాల్సిన పని లేదు సరే, మిగతా చోట్ల మాత్రం చెప్పి తీరాలి. ఎయిర్‌లైన్స్‌కి, ఇన్సూరెన్స్ వాళ్లకి, ఎయిర్‌పోర్టులో ఎదురుపడే ప్రతి ఉద్యోగికీ. చెప్పిన చోటల్లా మాకు పని తేలికైంది.

కాగితాల్లో మొదటిది యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఉంది కాబట్టి కాకినాడలో మెడికల్ బోర్డు ముందు కూర్చుని సర్టిఫికెట్ ముందే తీసుకున్నాం. ఆటిజం ఎంత ఉందో కొలిచే ఐశా (ISAA) అనే నలభై ప్రశ్నల స్కేలు మీద మార్కులు వేస్తారు. ఆ కార్డు మన దేశంలోదే, అక్కడ దాన్నెవరూ ఎరగరు. అందుకని డాక్టరు గారి చేత ఇంగ్లీషులో ఒక లెటర్ రాయించుకున్నాం: ఏం సమస్య, ఏ మందులు, ఎంత మోతాదు, కంగారు పడితే ఏం చేస్తాడు. మొత్తం ప్రయాణంలో ఎక్కువగా బయటికి తీసిన కాగితం అదే.

పాస్‌పోర్టుకి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్లాం. పిల్లల పాస్‌పోర్టుకి అనెగ్జర్ డి అనే ఫారం మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉంటే చాలు, అది పెద్ద పని కాదు. అసలు పని ఫోటో. మావాడు కెమెరా వైపు చూడడు. అందుకని ఇంట్లో గోడకి తెల్ల దుప్పటి కట్టి, ముందు స్టూలు వేసి, ఫోన్ వెనక వాడికిష్టమైన రైలు బొమ్మ పట్టుకుని రోజూ సాయంత్రం ఇదే ఆట ఆడాం. మొదట్లో స్టూలు మీద కూర్చుంటే చాలనుకున్నాం, తర్వాత నోరు మూసుకుంటే చాలనుకున్నాం, చివరికి చూపు కూడా నిలిచింది. భీమవరంలో కౌంటర్ దగ్గరికి వెళ్లగానే విషయం చెప్పాను. ఆ అమ్మాయి మమ్మల్ని లైన్లో నిలబెట్టకుండా ముందు పిలిచి, రైలు బొమ్మ తనే తీసుకుని కెమెరా పక్కన పెట్టింది. హైదరాబాద్‌లో వీసా సెంటర్‌లో వేలిముద్రలు తీస్తారని తెలిసి, దానికీ గాజు టేబుల్ మీద నాలుగు వేళ్లు ఆనించి పట్టుకోవడం నేర్పించాం.

తిండి సంగతి ఇంతకంటే కష్టం. వాడికి ముద్దపప్పు, గేదె నెయ్యి వేసిన అన్నం లేకపోతే పూట గడవదు. బియ్యం, పప్పు అక్కడి మనవాళ్ల షాపుల్లో దొరుకుతాయి. నెయ్యి మాత్రం ఇక్కణ్ణుంచి తీసుకెళ్లడానికి లేదు, మన దేశం నుంచి పాల పదార్థాలు బ్రిటన్‌లోకి రానివ్వరు. అక్కడ అమ్మే ఆవునెయ్యి వాసన వేరు, వాడు ఒక్క ముద్దకే పట్టేస్తాడు. కాబట్టి నెలల ముందే మా నెయ్యిలో డబ్బా ఆవునెయ్యి చెంచా కలపడం మొదలుపెట్టాను. చెంచా రెండు చెంచాలైంది, సగం సగమైంది, బయలుదేరేనాటికి అచ్చంగా ఆవునెయ్యే. మా అత్తయ్య గారికి ఇది నచ్చలేదు, కానీ అక్కడ మొదటి రోజే వాడు కడుపునిండా తిన్నాడు.

టికెట్ల విషయంలో నాకొక పట్టుదల: డబ్బు ఎక్కువైనా నేరుగా వెళ్లేదే కావాలి. హైదరాబాద్ నుంచి లండన్‌కి డైరెక్ట్ ఫ్లైట్ తీసుకున్నాం. మధ్యలో దిగి మళ్లీ సెక్యూరిటీ, మళ్లీ కొత్త హాలు అంటే మావాడికి మొత్తం కొత్తగా మొదలైనట్టే. రాజమండ్రి నుంచి చిన్న విమానం ఉన్నా వద్దని, వాడికిష్టమైన రైలుకే నరసాపురంలో రాత్రి ఎక్కాం. ఎయిర్‌లైన్స్‌కి ముందే ఫోన్ చేసి డీపీఎన్ఏ అని కోడ్ వేయించాం. మేధోపరమైన, ఎదుగుదల సంబంధమైన ఇబ్బందులున్నవాళ్లకి సాయం కావాలని తెలిపే కోడ్ అది. మన విమానయానాన్ని పర్యవేక్షించే డీజీసీఏ నిబంధన ప్రకారం 48 గంటల ముందైనా చెప్పాలి. పొద్దుతిరుగుడు పువ్వులున్న ఆకుపచ్చ మెడతాడు గురించి మా ఆడపడుచే చెప్పింది. బయటికి కనిపించని వైకల్యానికి గుర్తుగా 2016లో లండన్ గాట్‌విక్ ఎయిర్‌పోర్టులో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. మాకు పోస్టులో పంపింది. అది మెడలో ఉంటే మేం దిగిన లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో ఏమీ వివరించాల్సిన అవసరమే రాలేదు.

ఇన్సూరెన్స్‌లో ఆటిజం ముందు నుంచే ఉందని రాయించాం. ప్రీమియం పెరిగింది. అయినా అక్కడ విజిటర్లు ఆసుపత్రిలో చేరితే బిల్లు కట్టాల్సిందే, దాచి మిగుల్చుకునే డబ్బు కాదది.

అక్కడ నేను ఊహించనిది వెలుతురు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎండే. చీకటి పడితే పడుకునే అలవాటున్న పిల్లాడు పదకొండైనా గదంతా తిరిగేవాడు. కిటికీలకి నల్ల కర్టెన్లు కట్టి, ఏడున్నరకల్లా ఇల్లంతా చీకటి చేస్తేగానీ దారికి రాలేదు. నిద్రకి వాడే మెలటోనిన్ మన దగ్గర నుంచే తీసుకెళ్లాం, అక్కడ అది డాక్టరు చీటీ మీదే ఇస్తారు.

బర్మింగ్‌హామ్ నిండా కాలవలే. వాడికి అదొక పండగ, పొద్దున్నే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాడు. నాకు మాత్రం టెన్షన్. మా ఊళ్లో కాలవగట్టు మీద ఒంటరిగా కనిపిస్తే ఫలానావాళ్ల అబ్బాయని ఎవరో ఒకరు ఇంటికి తీసుకొచ్చేస్తారు. అక్కడ వాడెవరికి తెలుసు? చేతికి ఫోన్ నంబరున్న పట్టీ, బూటులో ట్రాకర్, నీళ్ల దగ్గర మా ఇద్దరిలో ఒకరి చెయ్యి వాడి చేతిలో. ఈ మూడింట్లో ఒక్కటి లేకపోయినా బయటికి కదిలేవాళ్లం కాదు. ఈ పిల్లలకి నీళ్లంటే ఇష్టం, భయం తెలియదు. మన డెల్టాలోనూ ఆ పట్టీ ఉండాలి, వచ్చాక కూడా తియ్యలేదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మన దగ్గర నడిపే భవిత కేంద్రంలో టీచరుగారు ఇచ్చిన బొమ్మల కార్డులే అక్కడా వాడాం. స్పీచ్ థెరపీ వీడియో కాల్‌లో సాగింది. మనకూ వాళ్లకూ వేసవిలో నాలుగున్నర గంటల తేడా, మావాడి పొద్దుటి క్లాసు మేడమ్ గారికి మధ్యాహ్నం అయ్యేది. కొన్ని సూపర్‌మార్కెట్లలో లైట్లు తగ్గించి పాటలు ఆపేసే గంట ఒకటి ఉంటుంది, సరుకులకి ఆ టైములోనే వాణ్ణి తీసుకెళ్లేవాళ్లం.

వెళ్లేటప్పుడు వేయించిన కోడ్ తిరుగు టికెట్‌కి కూడా ఉందో లేదో విడిగా అడగండి. మేం ఫోన్ చేస్తే మాకు లేదన్నారు. అక్కణ్ణుంచే మళ్లీ వేయించి, మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకున్నాం.