గోడలు లేవకముందే యుద్ధం

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మోగిన బొబ్బిలి కథ వింటూ పెరిగిన విజయనగరం జిల్లావాడిని కనుక, కోటగోడ ఎంత గట్టి అడ్డంకో నాకు చిన్ననాటి నుంచే తెలుసు. 2016లో వచ్చిన సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ వ్యూహ ఆటలో ఫిరంగులు చాలా కాలం తర్వాతగానీ చేతికి రావు. అందుకే ప్రాచీన యుగంలోనే, పొరుగు నగరం గోడ కట్టుకోకముందే దండెత్తడం నాకిష్టం. గోడలేని నగరం మన సేనపై దూరం నుంచి బాణం కూడా వేయలేదు.

సన్నాహం ఒడిసెలతో రాళ్లు విసిరే ఒక స్లింగర్‌తో మొదలవుతుంది. అది ఒక్క శత్రు యూనిట్‌ను చంపితే విలువిద్య పరిశోధన బాగా చవకవుతుంది. ఆపై అగోగే అనే ప్రభుత్వ విధానాన్ని అమలుచేస్తే ఆర్చర్లు (విలుకాళ్లు), వారియర్లు (దగ్గరి నుంచి పోరాడేవాళ్లు) తయారయ్యే వేగం 50 శాతం పెరుగుతుంది. నాలుగు ఆర్చర్లు, రెండు వారియర్లు సిద్ధమయ్యాకే నేను యుద్ధం ప్రకటిస్తాను.

అసలు మెలకువ ముట్టడిలో ఉంది. నగరానికి 200 హెల్త్ పాయింట్లు ఉంటాయి. దారి తెరిచి ఉన్నంతకాలం ప్రతి టర్న్‌కూ 20 తిరిగి పుంజుకుంటాయి. రెండు వారియర్లను ఎదురెదురు పక్కల నిలిపితే పక్క గడులపై వాటికుండే అదుపు నగరం చుట్టూ ఉన్న ఆరు గడులకూ విస్తరించి ఆ కోలుకోవడం ఆగిపోతుంది, అయితే మధ్యలో నది ఉంటే ఆ అదుపు అవతలి గట్టుకు చేరదు కనుక ముందుగా నేల చూసుకోవాలి. ఆర్చర్లు రెండు గడుల దూరం నుంచి కొడుతూనే ఉండాలి. చివరి అడుగు మాత్రం వారియర్‌దే, ఎందుకంటే ఆర్చర్ నగరాన్ని స్వాధీనం చేసుకోలేదు.