మెయిన్ ఫొటోగ్రాఫర్

"అమ్మాయ్, మెయిన్ ఫొటోగ్రాఫర్ ఎప్పుడొస్తాడు?"

జీలకర్రబెల్లం వేళకి మా పెదనాన్న అడిగిన మాట. భుజాన రెండు కెమెరాలున్న ఆ పిల్ల "నేనేనండీ" అని లెన్స్ మార్చుకుంటూ వెళ్లిపోయింది. నవ్వలేదు, చిరాకు పడలేదు. బాగా అలవాటైనట్టుంది!

నాకు హోమాయ్ వ్యారావాలా గుర్తొచ్చింది. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్. బొంబాయిలో తీసిన తొలి ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. తర్వాత ఢిల్లీలో చీర కట్టుకుని, బరువైన కెమెరా సామానుతో సైకిల్ మీద తిరిగింది. 1947 ఆగస్టులో ఎర్రకోట మీద ఎగిరిన జెండానీ, గాంధీ అంతిమయాత్రనీ తీసింది. ఆవిడ కలం పేరు 'డాల్డా 13'. కారు నంబరు డీఎల్‌డీ 13 మరి! పుట్టింది కూడా 1913లోనే.

1970లో కెమెరా పక్కన పెట్టేసింది. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్లకి. ఇంత ఆలస్యమా అని నాకిప్పటికీ ఉక్రోషమే.

ఇంతకీ మా ఫొటోగ్రాఫరమ్మాయి మూడో బంతికి గానీ భోజనానికి రాలేదు. కెమెరా బ్యాగు ఒళ్లోనే పెట్టుకుని తింది. పప్పు వడ్డించింది పెదనాన్నే.