తాలు కాయలు

రాత్రి పదకొండు దాటింది. రెండుసార్లు స్నానం చేసినా గోళ్ళ సందుల్లో మంట పోలేదు. కళ్ళు నలుపుకోవాలంటే భయంగా ఉంది. ఏడాది కారం పట్టించే పని ఇవాళ్టితో అయిపోయింది. జాడీలు నిండాయి, వాసెనలు కట్టాం, హాలు కడిగాం. హాయిగా పడుకోవాల్సిన రాత్రి. నిద్ర రావడం లేదు.

కారణం ఒక పసుపుపచ్చ క్యారీ బ్యాగు. ఏరి పక్కన పడేసిన తాలు కాయలు, అంటే రంగు పోయి పాడైన ఎండుమిరపకాయలు, అందులో ముప్పావు కిలో ఉంటాయేమో. ఆ బ్యాగు ఇప్పుడు మా ఇంట్లో లేదు.

ఈసారి ఎనిమిది కిలోలు తెచ్చాం. సంచి మూతి దగ్గర కాయ ఎంత బావుందో! పొడుగ్గా, నిగనిగలాడుతూ, పట్టుకుంటే పటుక్కున విరిగేలా. లోపలికి చెయ్యి పెట్టి చూస్తానంటే కొట్టతను, "ప్రతేడూ తీసుకెళ్తున్నారు, మీ దగ్గర మోసమేంటమ్మా" అన్నాడు. ప్రతేడూ తీసుకెళ్తున్న మాట నిజమే కదా అని ఊరుకున్నాను. ఇవాళ ఏరడానికి కూర్చుంటే మధ్యమధ్య తెల్లమచ్చల కాయ, వెలిసిపోయిన కాయ, విరవబోతే విరక్కుండా వేలికి చుట్టుకునే కాయ. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో కాపురం ఉంటూ నాకీ గతి. యార్డులో టిక్కీ, అదే మిర్చి బస్తా, విప్పితే తాలు వేరు, మేలు కాయ వేరు. తాలు ధర పేపర్లో కూడా వేరుగానే వేస్తారు. అలాంటిది, వేరే ధర ఉన్న సరుకుని మేలు కాయలో కలిపి అదే ధరకి అంటగడితే ఒళ్ళు మండదూ? రేపు సాయంత్రం వెళ్ళి అడుగుతాను. నలుగురూ ఉండగానే అడుగుతాను.

అంతకన్నా ఒళ్ళు మండిన సంగతి ఇంకోటుంది. సంచి డాబా మీద పోసిన రోజే అత్తయ్య చూశారట. చూసి నాతో చెప్పలేదు. "రెండెండలు తగిలితే అవే సర్దుకుంటాయిలే అమ్మాయ్" అన్నారు ఇవాళ పొద్దున, ముచ్చికలు తీయడానికి కూర్చున్నాక. ఎండకి తడి పోతుంది అత్తయ్యా, లోపల పట్టిన బూజు ఎక్కడికి పోతుందన్నాను. "మా కాలంలో ఇవన్నీ చూశామా, అందరం బతకలా?" అన్నారు. ఈ మాటకి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉండదు. బతికినవాళ్ళే కదా ఆ మాట అనడానికి మిగిలేది, పోయినవాళ్ళు దేనివల్ల పోయారో ఎవరు చూశారు అనాలనిపిస్తుంది. పెద్దావిడతో అలా అనలేను.

ఒక కాయ ఆవిడ కళ్ళ ముందే చీల్చి చూపించాను. పైకి మంచి కాయే. తొడిమ దగ్గర మాత్రం గోరంత మేర పాలిపోయిన రంగు. నిలువునా చీలిస్తే లోపల గింజలు పసుపుపచ్చగా విడివిడిగా లేవు, గోధుమరంగులో ఒకదానికొకటి అంటుకుపోయి, వాటి మీద బూడిద చల్లినట్టు పొడి. చెమ్మ పట్టిన గోడ అల్మారా తెరిస్తే వచ్చే వాసన. అత్తయ్య అద్దాలు సర్దుకుని చూసి, ఏమీ అనకుండా తన ముందున్న కుప్ప మళ్ళీ మొదట్నుంచి ఏరడం మొదలెట్టారు. అక్కడికి నా కోపం సగం చల్లారింది.

కాయని చెవి దగ్గర పెట్టి ఊపి చూడడం నాకు అమ్మమ్మ నేర్పింది. గింజలు గలగలమంటే ఎండినట్టు, మూగగా ఉంటే లోపల తడి ఉన్నట్టు. అమ్మమ్మ వాళ్ళ ఊరు ప్రత్తిపాడు పక్కన. సంక్రాంతి దాటాక కోతలు జోరుగా ఉండే రోజుల్లో ఏ సెలవు దొరికినా అక్కడికే వెళ్ళేవాళ్ళం. చేను పక్కన కళ్ళం, కళ్ళం నిండా ఎర్రటి తివాచీ. ఒక రాత్రి వాన పడింది. ఆ కాలంలో పడకూడని వాన. తాతయ్య కేకకి ఇంట్లో అందరం లేచి పరిగెత్తాం. పట్టాలు రెండే ఉన్నాయి. మావయ్యలు పారలతో కాయని గుట్టలుగా లాగుతుంటే, పిన్ని తన మంచం మీది దుప్పట్లు తెచ్చి కప్పింది. నేనూ తమ్ముడూ గుట్ట అంచున కూర్చుని, గాలికి పట్టా లేవకుండా ఒళ్ళు బరువు వేసి పడుకున్నాం. పైన వాన, కింద కాయ వేడి. ఎండ తాగిన కాయ రాత్రయినా వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనం ఇప్పటికీ వీపుకి గుర్తుంది. తెల్లారాక అమ్మమ్మ తడిసిన కాయనంతా వేరుగా పోసి, ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపుతూ కూర్చుంది. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. ఎంత ఏరినా అందులో సగం తాలైపోయింది.

నిన్నటిదాకా ఈ జ్ఞాపకం నాకు ఇంతవరకే ఉండేది. ఇవాళ కుప్ప ముందు కూర్చున్నాక మిగతాది గుర్తొచ్చింది.

కాయ పూర్తిగా ఎండాక, సంచులకి ఎత్తే ముందు రోజు సాయంత్రం తాతయ్య దాని మీద నీళ్ళు చల్లించేవాడు. పెళుసుగా ఉన్న కాయని తొక్కి నింపితే విరిగిపోతుంది. విరిగిన కాయకి ధర కోస్తారు. పైగా ఎండిన కొద్దీ తూకం పోతుంది. అందుకని బిందెలో వేపమండ ముంచి చిలకరించడం. ఆ పని పిల్లలది. నేనూ తమ్ముడూ ఎవరి మండ ఎంత దూరం చల్లుతుందో పోటీ పడేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం ఓ మూల చాపేసి కాస్త కాయ విడిగా పోసేది. "ఇది మన ఇంటిది. దీని మీద చుక్క పడిందో, వీపు పగులుతుంది." ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. మన ఇంటికి పొడి కాయ, అమ్మేదానికి తడి కాయ. అందులో వింతేమీ కనపడేది కాదు మాకు.

ఇండియాలో ఎండుమిరపకాయలో తేమ 11 శాతం దాటకూడదని రూలు ఉంది. అంతకు మించితే బూజుకి దారి ఇచ్చినట్టే. మేం ఆడుకుంటూ చల్లింది ఆ తేమనే. సంచుల్లోకి తొక్కాక దానికి గాలి తగలదు, ఎండ తగలదు. అక్కణ్ణుంచి ఏ ఇంట్లో ఏ కాయ చీలిస్తే బూడిద రాలిందో మాకేం తెలుసు? కొట్టతన్ని నలుగురిలో అడుగుతానని పైన రాశాను. ఇప్పుడు ఆ ఉషారు లేదు. అడగడం అడుగుతాను. కానీ గొంతు అంత లేవదు.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చాక ఆ చీల్చిన కాయ ఫొటో తమ్ముడికి పంపించాను. వాడు ఎగుమతి సరుకు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాడు. వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, అవి పారేశావా?" అదీ మొదటి మాట. బూజులన్నీ ఒకటి కావట, చూసి చెప్పలేంట. కానీ మిర్చికీ, పల్లీకీ, మొక్కజొన్నకీ పట్టేవాటిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఒకటుంది. అది వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, వాటికి వేసిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఇది బయటపడిందట. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్తే లివర్ క్యాన్సర్ తెస్తుంది. క్యాన్సర్ తెస్తాయని తేలిన వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు దీన్ని మొదటి వర్గంలో పెట్టారు. మామూలు వంట వేడికి పోదు. వేయించినా, పోపు పెట్టినా, కుక్కర్లో పెట్టినా ఉంటుంది. మర పట్టిస్తే ఇక ఏరే వీలే ఉండదు. యూరప్ వాళ్ళు కిలో కారంలో దీనిలోని బి1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటితే సరుకు వద్దంటారు. కిలోకి 5 మైక్రోగ్రాములంటే వంద కోట్ల పాళ్ళలో ఐదు పాళ్ళు. వద్దన్న సరుకు ఏమవుతుందిరా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు.

పశువులకి వేస్తే సరిపోతుందిగా అని అత్తయ్య పక్కనుంచి అన్నారు, పల్లీ చెక్క సంగతి విని. బూజు చెక్క తిన్న గేదె పాలల్లోకి కూడా ఆ విషం రూపు మార్చుకుని దిగుతుందట. ఇక అత్తయ్య ఏమీ అనలేదు. లేచి వెళ్ళి పల్లీల డబ్బా తెచ్చి పళ్ళెంలో పోసుకున్నారు. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ ఏరుతూ కూర్చున్నారు. చట్నీలో అప్పుడప్పుడూ చేదు తగిలితే చిన్నాడు ఊసేస్తాడు, మేం కోప్పడతాం. ఇకమీదట కోప్పడను.

ఇప్పుడు ఆ బ్యాగు. పారెయ్యమని మా ఇంట్లో పని చేసే కోటమ్మకే ఇచ్చాను. "పారెయ్యడం ఎందుకమ్మా, మిక్సీ పట్టుకుంటా, నాలుగు నెలలొస్తది" అంది. నేను మిల్లుకి ఆటో మాట్లాడుతున్నాను ఫోన్లో. చెయ్యి ఊపాను, సరే తీసుకెళ్ళు అన్నట్టు. అంతే. ఒక్క క్షణం పని. ఎనిమిది కిలోల్లో నా పిల్లాడు తినకూడదని, మూడు గంటలు నడుం నొప్పి పుట్టేలా కూర్చుని ఒక్కొక్కటీ ఏరి తీసినవి, ఒక్క చెయ్యి ఊపుతో ఇంకొకళ్ళ పిల్లల కంచంలోకి పంపించాను. అమ్మమ్మ చాప మీద మన కాయ, కళ్ళం నిండా వాళ్ళ కాయ.

తమ్ముడు నన్ను ఊరడించడానికి చూశాడు. "అక్కా, మోతాదు కూడా చూడాలి. కారం రోజుకి ఎంత తింటాం? చెంచాడు. పొట్ట నిండా తినే గింజకి పడితే అది వేరు" అన్నాడు. పొట్ట నిండా తినే గింజ అంటే 1974 సంగతి. రాజస్థాన్‌లో బాన్స్‌వాడా, గుజరాత్‌లో పంచమహల్ జిల్లాల్లో పంట చేతికొచ్చే వేళ అకాల వర్షాలు పడి మొక్కజొన్న బూజు పట్టింది. అక్కడి గిరిజనులకి వేరే తిండి లేదు, అదే తిన్నారు. కామెర్లు, పొట్టలో నీరు. ముందు ఇళ్ళలోని కుక్కలు పోయాయి, అవీ ఆ తిండే తినేవి కాబట్టి. తర్వాత మనుషులు. జబ్బు పడ్డ 397 మందిలో 106 మంది చనిపోయారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు వెళ్ళి ఆ మొక్కజొన్నని పరీక్షించి అఫ్లాటాక్సిన్ అని తేల్చారు.

తమ్ముడు చెప్పింది నిజమే. ముప్పావు కిలో తాలుతో ఎవరూ రేపటికి రేపు కామెర్లతో పడిపోరు. అన్ని కాయల్లోనూ ఆ విషం ఉండనే ఉండకపోవచ్చు. ఇది విన్నాక నిజంగానే కాస్త తేలికపడి, దీపం ఆర్పి పడుకున్నాను కూడా. పడుకున్నాక కోటమ్మ అన్నం గుర్తొచ్చింది. మధ్యాహ్నం మా ఇంట్లోనే తింటుంది కదా, కూర వేస్తానన్నా చాలాసార్లు "కారం, నూనె చుక్క ఉంటే చాలమ్మా" అంటుంది. అన్నం మధ్యలో గుంట చేసి, అందులో రెండు చెంచాల కారం, నూనె. ఎర్రగా కలిపి ముద్దలు పెట్టుకుంటుంది. సాయంత్రం ఇంటి దగ్గర పిల్లలకీ చాలా రోజులు అదే కూర అని తనే చెప్పింది. చెంచాడు లెక్క మా ఇంటికి. కూర లేని ఇంట్లో కారమే కూర. ఆ లెక్క తమ్ముడికి తెలియదు, నేను చెప్పలేదు. లేచి వచ్చి ఇది రాస్తున్నాను.

తొమ్మిదింటికే వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. స్విచాఫ్. ఆయన్ని బండి తియ్యమంటే, "ఇప్పుడెళ్ళి తలుపు కొట్టి నీ కారం ఇచ్చెయ్యమంటే ఏమనుకుంటుంది, పొద్దున చెప్పొచ్చు" అన్నారు. నాకూ కాళ్ళు ఆడలేదు. ఏమని చెప్పాలి? అవి విషం అంటే, "మరి నాకెందుకిచ్చారమ్మా" అని అడగదూ? తను అడగదు. అడగదనే నాకు దిగులు.

కొత్త కారంలోంచి కిలో తీసి స్టీలు డబ్బాలో పోసి, వంటింటి గడప పక్కన పెట్టాను. అత్తయ్య చూసి, డబ్బా మూత తీసి, గరిటెతో ఇంకో రెండు గరిటెలు వేసి మూత పెట్టారు. రాత్రికే మిక్సీ పట్టేసి ఉంటే ఆ కారం కూడా తెచ్చెయ్యమనాలి. ఆరింటికి గేటు చప్పుడవుతుంది. ఐదున్నరకి అలారం పెట్టుకున్నాను.