ఆఫర్ లెటర్ చివరి పేజీ

నెలాఖరు కావడంతో ఈ రోజు ఆఫీసులో సమయమంతా ఉద్యోగం వదిలి వెళ్తున్నవారి ఫుల్ అండ్ ఫైనల్ (చివరిగా ఇవ్వాల్సినవన్నీ తేల్చే) లెక్కలతోనే గడిచింది. జీతాల విభాగంలో పనిచేసేవారికి ఒక మనిషి ఉద్యోగ జీవితం చేరిన నాడూ, వెళ్లే నాడూ మాత్రమే పూర్తిగా కనిపిస్తుంది. మధ్యలోని ఏళ్లన్నీ మాకు నెలకొక వరుస. అందుకేనేమో, కెరీర్ గురించి ఎవరు సలహా అడిగినా నాకు ముందుగా గుర్తొచ్చేవి కాగితాలే. సాయంత్రం అక్క కొడుకు కొత్త ఆఫర్ లెటర్ తీసుకుని వచ్చినప్పుడు కూడా మాటలు అటే మళ్లాయి.

లెటర్ మొదటి పేజీలో ఏడాదికి 12 లక్షల సీటీసీ (ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) అని ఉంది. నెలకు లక్ష చేతికి వస్తుందని వాడు లెక్క వేసుకుని, కూకట్‌పల్లిలో ఇంకాస్త పెద్ద ఫ్లాటు కోసం వాకబు కూడా మొదలుపెట్టాడు. "చివరి పేజీలో పట్టిక చూశావా నాన్నా?" అని అడిగాను. "అన్ని కంపెనీలదీ ఒకటేగా పిన్నీ" అన్నాడు. ఇద్దరం కూర్చుని దాన్ని వరుసవారీగా చదివాం. మూల వేతనం నెలకు 50,000. దాని మీద 12 శాతం చొప్పున సంస్థ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) వాటా ఏడాదికి 72,000. అది వాడి డబ్బే అయినా ఇప్పుడు చేతికి వచ్చేది కాదు. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే గ్రాట్యుటీ పేరున దాదాపు 28,850, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 1,20,000. ఇవి తీసేస్తే నెలకు 81,600 దాకా మిగులుతుంది. అందులో నుంచి వాడి వంతు పీఎఫ్ 6,000, తెలంగాణ వృత్తి పన్ను 200 పోగా బ్యాంకులో పడేది సుమారు 75,400. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి అక్కడితో ఆగింది. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

గ్రాట్యుటీని సీటీసీలో కలిపి చూపించడం నాకు ఎన్నడూ మింగుడుపడని విషయం. ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, నెలకు 26 పనిదినాలు అన్న సూత్రాన్ని నెలవారీగా విడగొడితే మూల వేతనంలో 4.81 శాతం వస్తుంది. పట్టికలో వేసేది ఆ అంకెనే. అయితే శాశ్వత ఉద్యోగికి అది మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండితేనే దక్కుతుంది. రెండు మూడేళ్లకొకసారి సంస్థ మారేవారు దాన్ని కాగితం మీద చూడడమే గానీ అందుకోవడం ఉండదు. ఇది మోసమని అనలేను, అన్నీ రాసే ఉంటాయి. చదవరన్న ధీమాతో రాసి ఉంటాయని మాత్రం అనుకుంటాను.

అంకెల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నోటీసు గడువు, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయవలసిన రోజులు. ఇప్పుడు పనిచేస్తున్న చోట 60 రోజులైతే, కొత్త చోట 90 రోజులని ఉంది. చేరేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే చేరే రోజున వెళ్లే రోజు గుర్తుండదు. కానీ మూడు నెలలు ఆగవలసిన అభ్యర్థి కోసం తరువాతి సంస్థ ఎదురుచూడకపోవచ్చు, ఎదురుచూసినా ఈలోగా ఆ పోస్టే రద్దు కావచ్చు. అందుకే జీతం కాస్త తక్కువైనా నోటీసు గడువు చిన్నదిగా ఉన్న ఉద్యోగమే మేలని నా అభిప్రాయం. వాడికి ఇది అంతగా రుచించలేదు. జాయినింగ్ బోనస్ షరతు కూడా చూపించాను: ఏడాదిలోపు వదిలితే మొత్తం తిరిగి కట్టాలట. పన్ను కోసుకుని ఇచ్చిన సొమ్మును పన్ను కోయకముందు అంకె ప్రకారం తిరిగి అడిగే చోట్లు ఉన్నాయి కనుక, అడగవలసిన ప్రశ్నల్లో దాన్నీ చేర్చాం.

ఆ తరువాత పీఎఫ్ మాట వచ్చింది. పాత ఖాతాలోని డబ్బు తీసేసి బైక్ కొనాలన్నది వాడి ఆలోచన. బదిలీ చేస్తే సర్వీసు కలుస్తూ పోతుందనీ, మొత్తం ఐదేళ్లు నిండకముందే తీస్తే పన్ను పడుతుందనీ, పింఛను పథకానికి పదేళ్ల సర్వీసు కావాలనీ చెప్పాను. ఇరవై ఆరేళ్లవాడికి పింఛను గురించి చెప్పడం ఎంత నిష్ఫలమో తెలిసే చెప్పాను. అసలు చిక్కు మరొకచోట బయటపడింది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్ సభ్యుడి సంఖ్య అయిన యూఏఎన్‌లో ఒక్క అక్షరంగా ఉంది, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు వచ్చింది. మన తెలుగువారి పేర్లకు ఇది పుట్టుకతో వచ్చిన తిప్పలు. బదిలీ దరఖాస్తులు ఆగిపోవడానికి నా బల్ల దగ్గర తరచుగా కనిపించే కారణమూ ఇదే. పాత సంస్థలో ఉండగానే దిద్దించుకుంటే హెచ్‌ఆర్ వారు పక్క గదిలోనే ఉంటారు. బయటికి వచ్చాక వారికి మెయిల్ మీద మెయిల్ పెట్టుకుంటూ ఉండాలి. వెళ్లాక పీఎఫ్ ఖాతాలో డేట్ ఆఫ్ ఎగ్జిట్ (వదిలిన తేదీ) నమోదైందో లేదో చూసుకోమని, రిలీవింగ్ లెటర్‌తో పాటు పే స్లిప్పులన్నీ సొంత మెయిల్‌లో దాచుకోమని కూడా చెప్పాను, ఆఫీసు మెయిల్ చివరి రోజు సాయంత్రానికే మూతపడుతుంది కనుక.

"ఇదంతా సరే పిన్నీ, రాజీనామా ఎప్పుడు పెట్టను?" అన్నాడు చివరికి. ముందు కొత్త సంస్థకు ఒక మెయిల్ రాయించాను: నోటీసు గడువును 60 రోజులకు తగ్గించగలరా, వేరియబుల్ పే ఎన్ని విడతల్లో ఏ ప్రాతిపదికన ఇస్తారు, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టవలసి వస్తే ఏ అంకె ప్రకారం. వీటికి ఫోనులో కాకుండా రాతపూర్వకంగా జవాబు వచ్చి, సంతకమైన ఆఫర్ చేతిలో పడ్డాకనే ఇక్కడి మేనేజరుతో మాట్లాడాలి. అదీ మెయిల్ పెట్టి ఊరుకోవడం కాదు, ముందు ఎదురుగా కూర్చుని చెప్పి, ఆ తరువాత మెయిల్ పెట్టాలి. రేపో మాపో కొత్త సంస్థ నుంచి వెరిఫికేషన్ కోసం ఫోను వచ్చేది ఆయనకే. ఆయన జీతం పెంచుతానంటే ఏం చేయాలని అడిగాడు. నోటీసు గడువు, పని, పైవారు ఇవేవీ మారకుండా జీతం ఒక్కటే మారితే ఏడాది తిరగకముందే మళ్లీ ఇలాంటి లెటరే వెతుక్కోవలసి వస్తుందన్నాను. భోజనం చేసి వెళ్తూ వెళ్తూ మెయిల్ పంపాడు.