చెన్నై తేమలో చీమల గూడు: ఏ పదార్థం నిలిచింది, ఏది నిలవలేదు

వేళచ్చేరిలోని మా ఇంట్లో ఇప్పుడు రెండు చీమల కాలనీలు పెరుగుతున్నాయి. ఒకటి నల్ల గండుచీమలది, శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. రెండోది మన పెరళ్లలో కనిపించే ఎర్రచీమలది, అంటే సోలెనాప్సిస్ జెమినేటా. మార్చి నుంచి అక్టోబరు వరకు వీటి గూళ్ల కోసం పరీక్షించిన పదార్థాల వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ ఊరి ఉక్కపోతలో నాకు స్థిరపడిన సూత్రం ఒక్కటే: తేమను పట్టి ఉంచే పదార్థమూ, చీమలను ఆపే పదార్థమూ వేరువేరుగా ఉండాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, చోటుకాని చోట పెరిగిన చీమలు ఏం చేయగలవో తమిళనాడు కళ్లారా చూసింది. 2022లో దిండిగల్ జిల్లా కరందమలై అడవి చుట్టుపక్కల గ్రామాలను పసుపు క్రేజీ చీమలు ముంచెత్తి, పశువులనూ మనుషులనూ ఇబ్బంది పెట్టాయి. అందుకే నేను మా ప్రాంగణంలో దొరికిన జాతులను తప్ప మరి దేన్నీ పెంచను.

మార్చి. కాలనీ చిన్నగా ఉన్నంతకాలం 16 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు ఉన్న గాజు పరీక్షనాళికను మించిన గూడు లేదు. మూడో వంతు వరకు నీళ్లు పోసి, పైన దూది గట్టిగా దట్టించి, రాణిని లోపలికి వదిలి, మూతి దగ్గర మరో దూది ఉండ పెడితే సరిపోతుంది. గండుచీమల రాణి మొదటి విడత పనిచీమలు వచ్చేవరకు మేత ముట్టదు. ఒంట్లోని కొవ్వుతోనూ, ఇక అవసరం లేని రెక్కల కండరాలతోనూ పిల్లలను సాకుతుంది. గాజును ఏ చీమా కొరకలేదు కాబట్టి బలహీనత అంతా దూదిలోనే ఉంటుంది. ఎర్రచీమలు మూతి దూదిని పోగు పోగుగా పీకి దారి చేసుకుంటాయి, కనుక పనిచీమలు పుట్టగానే ఆ కాలనీ మూతికి దూది బదులు స్టీలు జాలీ అమర్చాను.

ఏప్రిల్. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఏ ఆకారంలోనైనా పోసుకోవచ్చు. అయితే గట్టిపడ్డాక అది జిప్సమే. మోస్ కాఠిన్య మానంలో దాని స్థానం 2, అంటే గోటితో గీసినా గీత పడుతుంది. చీమల దవడల పళ్ల అంచుల్లో జింకు ఉంటుంది. ఒక చిన్న పలకను తడిపి ఎర్రచీమల మేతపెట్టెలో ఉంచి, రాత్రిపూట ఎర్ర లైటు వేసి భూతద్దంతో గమనించాను. పెద్ద తల పనిచీమలు తడి అంచునే ఎంచుకుని, తల అటూ ఇటూ ఊపుతూ గీరుతున్నాయి; రాలిన తెల్లటి రవ్వలను చిన్నవి ఒక్కొక్కటిగా మోసి మూలన పోగు పెడుతున్నాయి. ఎండిన వైపు జోలికి ఒక్కటీ పోలేదు. ప్లాస్టర్ గూటిలో తేమ కోసం గోడనే తడపాలి, తడిపిన గోడనే అవి తవ్వుతాయి. మంచి జిప్సం కొన్నా ఈ చిక్కు తీరదు.

మే. చెన్నైలో ఇళ్లు కట్టే ప్రతిచోటా ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) అనే తేలికపాటి ఇటుకలు ఉంటాయి. సిమెంటు, సున్నం, ఫ్లై యాష్ మిశ్రమంలో అల్యూమినియం పొడి కలిపితే హైడ్రోజన్ వెలువడి బుడగలు ఏర్పడతాయి. తర్వాత అధిక పీడనం గల ఆవిరిలో ఉడికిస్తారు. ఆ బుడగల వల్లనే అది నీటిని పీల్చుకుంటుంది, రంపానికి సులువుగా తెగుతుంది, జిప్సంలా నీటికి మెత్తబడదు. 4 అంగుళాల ఇటుక నుంచి అంగుళం మందం పలక కోసి, గండుచీమల కోసం 12 మి.మీ. లోతున గదులు చెక్కాను. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఎందుకంటే ఆ ధూళిలో సిలికా ఉంటుంది. తర్వాత పలకను రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే క్షారం మిగిలిపోతుంది. అన్నిటికన్నా ఓపిక కావలసిన పని పై ముఖాన్ని చదును చేయడం. బల్లపై గాజు పలక, దాని మీద గరుకు కాగితం పరచి, దానిపై ఇటుకను గుండ్రంగా రుద్దుతూ పోవాలి. పైన 4 మి.మీ. గాజు పెట్టి టార్చి వేసినప్పుడు అంచు కింద నుంచి వెలుతురు కనిపించకూడదు. వెలుతురు దూరితే చిట్టి చీమ దూరినట్టే.

ఈ పలకను నేరుగా గూడుగా వాడలేదు. గాజు పెట్టెలో దించి, చుట్టూ సిలికాన్ పూసి, వెనిగర్ వాసన పూర్తిగా పోయేవరకు ఆరనిచ్చాను. ఇటుక ఒక చివర తొలిచిన గుంటలో సిరంజితో నీళ్లు పోస్తే ఆ వైపు చెమ్మగా, అవతలి వైపు పొడిగా ఉంటుంది. గుడ్లను, పిల్లపురుగులను ఎక్కడ ఉంచాలో చీమలే నిర్ణయించుకుంటాయి. ఇటుకను కొంత తవ్వినా వాటికి ఎదురయ్యేది గాజే.

జులై. మేతపెట్టెకు అక్రిలిక్ వాడాను. లేజరుతో కోసిన అక్రిలిక్ అంచుల్లో ఒత్తిడి మిగిలి ఉంటుంది; వాటికి ఆల్కహాలు తగిలితే సన్నని పగుళ్లు పాకుతాయి. చీమలు జారిపడేందుకు పై అంచున పూసేది టాల్కం పొడి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు కలిపిన ముద్దే కాబట్టి, దాన్ని అక్రిలిక్ పెట్టెపై పూయడం నాకు సమ్మతం కాదు. గాజు మీద అది చక్కగా పట్టుకుంటుంది, కానీ గాలిలో చెమ్మ పెరిగితే ముద్దకట్టి చీమల కాళ్లకు పట్టు ఇస్తుంది. వ్యాజిలిన్ మే నెల ఎండకు జారిపోతుంది. అందువల్ల పూతను నేను చివరి రక్షణగానే చూస్తాను; మొదటి రక్షణ బిగుతైన మూత.

మూతలో గాలి కోసం వదిలిన రంధ్రాలకు దోమల జాలీ పనికిరాదు, దాని కన్నాలు మిల్లీమీటరు దాటి ఉంటాయి. చీమ తల పట్టే కన్నంలోంచి సాధారణంగా ఒళ్లూ పడుతుంది కనుక, కొలవవలసింది తల వెడల్పునే. సుమారు 0.25 మి.మీ. కన్నాలుండే 60 మెష్ స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ రెండు కాలనీలకూ సరిపోయింది. నైలాన్‌ను ఎర్రచీమలు కొరికేయగలవు. గొట్టాల కోసం కొళత్తూరులోని అక్వేరియం దుకాణాలకు వెళ్లాను. గాలి పంపుకు వాడే 4 మి.మీ. గొట్టం ఎర్రచీమలకు చాలు, కానీ గండుచీమల్లో పెద్ద తల ఉన్నవాటికి ఇరుకు. వాటికి 10 మి.మీ.ది తీసుకున్నాను.

అక్టోబరు. స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు పెట్టాను. మన పాత ఇళ్లలో జాలీ బీరువాకు చేసిన ఏర్పాటే ఇది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో చీమలను పరిశోధించిన జాన్ లబ్బాక్ తన గాజు గూళ్లకు కూడా నీటి కందకాన్నే నమ్ముకున్నాడు. నీటిలో చుక్క డిష్‌వాష్ ద్రవం వేస్తే తలతన్యత తగ్గి చీమ తేలకుండా మునుగుతుంది. డెంగీ దోమ పెరగకుండా వారం దాటకముందే ఆ నీటిని మార్చాలి. ఈ కందకం వల్ల బయటి చిట్టి చీమలు గూళ్లలోకి చొరబడటం కూడా ఆగింది.

ఎర్రచీమలు ఇంకా నాళికల్లోనే ఉన్నాయి. వాటికీ ఏఏసీ పలకే చెక్కుతున్నాను, గదుల లోతు మాత్రం 6 మి.మీ.కు తగ్గించాను. ఈశాన్య రుతుపవనాలు ముగిసేదాకా గండుచీమల గూటి సిలికాన్ అతుకులను ప్రతి ఆదివారం టార్చితో తనిఖీ చేసి, అవి ఈ చెమ్మకు తట్టుకున్నాయని తేలాకే ఎర్రచీమలను కొత్త గూటికి మారుస్తాను.